వెరాక్రూజ్ క్లబ్బు ఎన్నిసార్లు చచ్చిపోయింది?

2019 డిసెంబరు 4న మెక్సికో ఫుట్‌బాల్ సమాఖ్య ఒక ప్రకటన చేసింది. వెరాక్రూజ్ రేవు పట్టణానికి చెందిన 'తిబురోనెస్ రోహోస్', అంటే ఎర్ర సొరచేపల క్లబ్బు, ఇకపై సమాఖ్యలో సభ్యత్వం కోల్పోయిందన్నది దాని సారాంశం. ఆటగాళ్లకు జీతాలు అందలేదు, బాకీలు తీరలేదు, గడువులు దాటిపోయాయి. పురుషుల జట్టుతో పాటు మహిళల జట్టు, కుర్రాళ్ల జట్లు కూడా ఆ ఒక్క నిర్ణయంతో ఆగిపోయాయి. సాధారణంగా ఒక క్లబ్బు కథ ఇక్కడితో ముగియాలి. కానీ ఇదే సమాఖ్య ఇదే పేరున్న క్లబ్బును అప్పుల కారణంగానే 2011లోనూ వెలివేసింది. అప్పుడు ఆ వెంటనే అదే పేరుతో, అదే ఎర్ర చొక్కాతో, అదే స్టేడియంలో ఇంకో జట్టు బరిలోకి దిగింది. చాలామంది ప్రేక్షకులకు తేడా కూడా తెలియలేదు.

ఇదెలా సాధ్యమైందో అర్థం కావాలంటే మెక్సికోలో క్లబ్బు అంటే ఏమిటో చూడాలి. ఇంగ్లండ్‌లోనో జర్మనీలోనో క్లబ్బుకు ఒక ఊరు ఉంటుంది, చరిత్ర ఉంటుంది, లీగులో స్థానం ఆటతో వస్తుంది, ఆటతోనే పోతుంది. మెక్సికోలోనూ పైకి అంతే కనిపిస్తుంది. లోపల మాత్రం లీగులో స్థానం అనేది ఒక కాగితం. దానికి యజమాని ఉంటాడు. అతను దాన్ని అమ్మొచ్చు, కొన్నవాడు దాన్ని ఇంకో ఊరికి తీసుకుపోవచ్చు, పేరు మార్చొచ్చు. జట్టు ఓడిపోయి కింది అంచెకు పడిపోయినా, పై అంచెలో ఉన్న ఇంకొకరి కాగితం కొనుక్కుని మళ్లీ పైకి రాగలిగేది. ఆ కాగితాన్నే అక్కడ ఫ్రాంచైజీ అంటారు. హైదరాబాద్ వాళ్లకు ఈ మాట కొత్త కాదు. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ 2012లో రద్దయితే, ఊరి వాటా సన్‌రైజర్స్‌కు వెళ్లింది. పుణె ఫుట్‌బాల్ జట్టు మూతపడ్డాక 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో మన ఫుట్‌బాల్ లీగు ఐఎస్ఎల్ ఫైనల్ గెలిచి, తర్వాత జీతాల గొడవల్లో చిక్కుకుంది. అయితే ఐపీఎల్, ఐఎస్ఎల్ పుట్టినప్పటి నుంచే ఫ్రాంచైజీ లీగులమని చెప్పుకున్నవి. మెక్సికో లీగులో ప్రమోషన్ (గెలిచి పై అంచెకు ఎక్కడం), రెలిగేషన్ (ఓడి కింది అంచెకు పడడం) కూడా ఉండేవి. ఆటా నడిచేది, పక్కనే బేరమూ నడిచేది. వెరాక్రూజ్‌ను పదే పదే బతికించింది ఆ బేరమే. చివరికి దాన్ని తీసుకుపోయింది కూడా అదే.

మెక్సికోలో ఫుట్‌బాల్ మొదటి అడుగులు పడిన చోట్లలో వెరాక్రూజ్ రాష్ట్రం ఒకటి. రేవు నుంచి కొండల వైపు వెళితే వచ్చే ఒరిసాబా పట్టణంలో జనపనార మిల్లులో పనిచేసే స్కాట్లండ్ వాళ్లు జట్టు కట్టారు. 1902-03లో జరిగిన తొలి మెక్సికో లీగును గెలిచింది ఆ ఒరిసాబా జట్టే. నాలుగు దశాబ్దాల తర్వాత 1943లో వృత్తిపరమైన లీగు మొదలైనప్పుడు అందులో ఉన్నవి 10 జట్లు. వాటిలో మూడు వెరాక్రూజ్ రాష్ట్రానివే. రెండు ఒరిసాబావి, ఒకటి రేవుది. ఇంత చిన్న ప్రాంతానికి అంత వాటా మళ్లీ ఎప్పుడూ దక్కలేదు.

రేవు జట్టు ఆ ఏడాదే స్థానిక జట్ల కలయికతో పుట్టింది. రెండేళ్లు తిరిగేసరికి, 1945-46లో, లీగు గెలిచింది. 1947-48లో కప్పు (లీగుకు విడిగా జరిగే పోటీ) గెలిచింది. 1949-50లో మళ్లీ లీగు గెలిచింది. ఆ రోజుల్లో అట్లాంటె, లియోన్, గ్వాదలహారా, అట్లాస్ లాంటి జట్ల మధ్య నిలబడి ఇన్ని గెలిచిందంటే చిన్న విషయం కాదు. ఆ విజయాలన్నిటికీ ఒకే పేరు ముడిపడి ఉంటుంది. లూయిస్ దె లా ఫ్వెంతె, ముద్దుపేరు 'పిరాతా'. 1914లో వెరాక్రూజ్‌లో పుట్టాడు. స్పెయిన్‌లో రేసింగ్ సాంతాందెర్‌కు, అర్జెంటీనాలో వేలెస్ సార్స్‌ఫీల్డ్‌కు ఆడాడు. మెక్సికో ఆటగాడు విదేశాలకు వెళ్లి ఆడడం అన్నది ఊహకు కూడా అందని కాలం అది. చివరికి సొంతూరికి తిరిగొచ్చి రెండు టైటిళ్లు తెచ్చాడు. రెండోది వచ్చేనాటికి అతనికి 36 ఏళ్లు. 1967లో ఊళ్లో కొత్త స్టేడియం తెరిచారు. దానిది అతని పేరే.

ఆ రెండో లీగు టైటిలే చివరిది కూడా. 1950 తర్వాత 2019 వరకు, దాదాపు 70 ఏళ్లు, వెరాక్రూజ్ మరో లీగు గెలవలేదు. గెలవకపోవడం కంటే వింత ఏమిటంటే, గెలిచిన రెండేళ్లకే 1952లో కింది అంచెకు పడిపోయింది. పిరాతా తరం పోయింది, డబ్బు లేదు, అంతే. పన్నెండేళ్ల తర్వాత 1964లో పైకి వచ్చింది. 1979లో మళ్లీ పడింది. ఈసారి పైకి రావడానికి పదేళ్లు పట్టింది. ఆ వచ్చిన తీరు దగ్గర కథ మలుపు తిరిగింది.

1989లో వెరాక్రూజ్ మైదానంలో గెలిచి రాలేదు. మెక్సికో నగరం అంచున ఉన్న నెసావాల్కొయోత్ల్ జట్టు అప్పుడే గెలుచుకున్న పై అంచె స్థానాన్ని కొనుక్కుని వచ్చింది. ఊరు సంబరపడింది. ఎందుకు పడదు? అర్జెంటీనా నుంచి హోర్హె కోమాస్ వచ్చాడు, ఆ తొలి సీజన్‌లోనే 26 గోల్స్ కొట్టి లీగులో అందరికంటే ముందు నిలిచాడు. సముద్రపు గాలికి, ఉక్కపోతకు, డప్పులకు మధ్య స్టేడియం నిండిపోయేది. ఈ స్థానం ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగినవాళ్లు తక్కువ. నెసావాల్కొయోత్ల్ వాళ్లు మాత్రం అడిగి ఉంటారు. వాళ్ల గొంతు రేవుదాకా వినపడలేదు.

1998లో మళ్లీ రెలిగేషన్, 2000 దశకం మొదట్లో మళ్లీ పైకి. 2004 ద్వితీయార్ధంలో క్వావ్‌తెమోక్ బ్లాంకో ఎర్ర చొక్కా వేసుకున్నాడు. రెండు కాళ్ల మధ్య బంతిని ఇరికించుకుని ప్రత్యర్థుల మధ్య నుంచి గెంతుతూ వెళ్లిన ఆటగాడంటే ప్రపంచ కప్ చూసినవాళ్లకు గుర్తొస్తాడు. (తర్వాత ఆయన మొరేలోస్ రాష్ట్రానికి గవర్నర్ కూడా అయ్యాడు. మెక్సికోలో ఫుట్‌బాల్‌కీ రాజకీయానికీ మధ్య గోడ చాలా పలచన.) ఆ అర్ధ సీజన్‌లో వెరాక్రూజ్ పాయింట్ల పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. కానీ మెక్సికోలో పట్టికలో మొదట నిలిస్తే చాంపియన్ కారు. 1996 నుంచి ఏడాదికి రెండు చిన్న టోర్నీలు, ప్రతి టోర్నీ చివర నాకౌట్లు. క్వార్టర్ ఫైనల్లో పూమాస్ చేతిలో వెరాక్రూజ్ ఓడిపోయింది. ఆ తర్వాత లీగులో అంత పైకి మళ్లీ వెళ్లలేదు.

2008లో మరో రెలిగేషన్. కింది అంచెలో ఆదాయం తగ్గింది, అప్పులు పెరిగాయి, 2011లో సమాఖ్య సభ్యత్వం తీసేసింది. 1943లో పుట్టిన క్లబ్బు, కాగితాల లెక్కన చూస్తే, ఆ ఏడాదే చనిపోయింది. ఆ తర్వాత వచ్చినది ఒరిసాబా జట్టు. దాని యజమాని ఫిదెల్ కూరి గ్రహాలెస్. వ్యాపారి, పీఆర్ఐ పార్టీ నాయకుడు, ఫెడరల్ డిప్యూటీగా, అంటే దేశ పార్లమెంటు దిగువ సభ సభ్యుడిగా కూడా పనిచేశాడు. ఒరిసాబాలో ఆడుతున్న తన కింది అంచె ఫ్రాంచైజీని రేవుకు తరలించి, దానికి తిబురోనెస్ రోహోస్ అని పేరు పెట్టారు. తొలి లీగు గెలిచిన ఒరిసాబా ఊరికి జట్టు లేకుండా పోయింది, రేవుకు జట్టు మిగిలింది. రాష్ట్రంలోనే ఒక ఊరి ఖాళీని ఇంకో ఊరితో పూడ్చారన్న మాట.

2013 వేసవిని కాస్త వివరంగా చూడాలి. మొత్తం వ్యవస్థ నడిచే తీరు ఆ ఒక్క వేసవిలో కనిపిస్తుంది.

ఆ ఏడాది కింది అంచె నుంచి ప్రమోషన్ గెలిచింది లా పియెదాద్ జట్టు. మిచోవాకాన్ రాష్ట్రంలో ఒక చిన్న పట్టణం అది. శాలువాలు నేసే ఊరు కాబట్టి జట్టును 'రెబొసెరోస్' అనేవారు. ఫైనల్లో నెసావాల్కొయోత్ల్ ఊరి జట్టు నెసాను ఓడించి పై అంచెకు అర్హత సంపాదించింది. ఊళ్లో పండగ ముగిసేలోపే వార్త వచ్చింది. వాళ్లు గెలిచిన స్థానం వెరాక్రూజ్‌కు వెళ్తోంది. కొత్త సీజన్‌లో లా పియెదాద్ పై అంచెలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఫైనల్లో ఓడిన నెసా కూడా మిగల్లేదు. దాన్ని కొని దక్షిణాన సియుదాద్ దెల్ కార్మెన్‌కు తరలించారు.

మరి అప్పటిదాకా కింది అంచెలో ఆడుతున్న వెరాక్రూజ్ ఫ్రాంచైజీ? ఒకే ఊరికి రెండు అక్కర్లేదు కదా. అది సాన్ లూయిస్ పొతోసీకి వెళ్లి అట్లెతికో సాన్ లూయిస్ అయింది. అక్కడ అప్పటిదాకా పై అంచెలో ఉన్న సాన్ లూయిస్ జట్టు చియాపాస్ రాష్ట్రానికి వెళ్లిపోయింది కాబట్టి ఊరు ఖాళీగా ఉంది. చియాపాస్‌లో అంతకుముందు ఆడుతున్న హాగ్వారెస్ స్థానం కెరెతారోకు వెళ్లింది. కెరెతారో ఆ సీజన్‌లోనే మైదానంలో ఓడి రెలిగేట్ అయిన జట్టు. స్థానం కొనుక్కున్నాక రెలిగేట్ కానట్టే లెక్క. సంగీతం ఆగగానే ఎవరి కుర్చీ వాళ్లు వెతుక్కునే పిల్లల ఆటలా ఉంటుందిది. తేడా ఏమిటంటే ఇక్కడ కుర్చీలు అమ్ముడుపోతాయి, నిలబడి మిగిలిపోయేది ఎప్పుడూ చిన్న ఊరే.

వెరాక్రూజ్ అభిమాని కోణం నుంచి చూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? అయిదేళ్ల తర్వాత పై అంచె ఆట మళ్లీ ఇంటి ముందుకొచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఆశీస్సులు బహిరంగంగానే ఉన్నాయి. స్టేడియం కూడా ప్రభుత్వానిదే. అప్పటి గవర్నర్ హావియెర్ దువార్తె పదవీకాలం తర్వాత ఎలా ముగిసిందో అందరికీ తెలుసు. 2016లో పదవి నుంచి తప్పుకోవడం, పరారీ, 2017లో గ్వాతెమాలాలో అరెస్టు, ఆ తర్వాత శిక్ష. క్లబ్బు పతనానికి అదొక్కటే కారణమని చెప్పడం తేలికే గానీ సరికాదు. కానీ రాజకీయ నీడలో పెరిగిన సంస్థకు ఆ నీడ తొలగిపోతే ఎంత ఎండ తగులుతుందో వెరాక్రూజ్‌లో కనిపించింది. ఇది నా అభిప్రాయం.

లెక్కల విషయం కూడా చూడాలి. మెక్సికో లీగులో టీవీ హక్కులు అందరివీ కలిపి అమ్మరు. సొంత మైదానంలో ఆడే మ్యాచుల హక్కుల్ని ప్రతి క్లబ్బూ విడిగా అమ్ముకుంటుంది. దేశమంతా అభిమానులున్న 'అమెరికా' (మెక్సికో నగరపు క్లబ్బు పేరది), గ్వాదలహారా లాంటి క్లబ్బులకు వచ్చేది ఒకటి, వెరాక్రూజ్‌కు వచ్చేది ఇంకొకటి. వెనక పెద్ద కంపెనీ ఉన్న క్లబ్బులు నష్టాన్ని తట్టుకుంటాయి. అప్పట్లో తీగ్రెస్ వెనక సిమెంటు కంపెనీ, మాంతెర్రేయ్ వెనక కూల్‌డ్రింకుల వ్యాపారం, 'అమెరికా' క్లబ్బు వెనక టీవీ సంస్థ. వెరాక్రూజ్ వెనక ఉన్నది ఒక వ్యక్తి, కొంత రాజకీయం.

అయినా 2016లో ఒక మంచి రోజు వచ్చింది. ఆ ఏప్రిల్‌లో కోపా ఎంఎక్స్ ఫైనల్లో నెకాక్సాను 4-1 తేడాతో ఓడించి వెరాక్రూజ్ కప్పు గెలిచింది. 1948 తర్వాత మళ్లీ కప్పు. పిరాతా స్టేడియంలో ఆ రాత్రి ఉన్నవాళ్లకు, ఇంకో మూడున్నరేళ్లలో ఈ క్లబ్బు ఉండదని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాళ్లు.

దిగజారడం మొదలయ్యాక వేగం పెరిగింది. ఒక ఉరుగ్వే క్లబ్బుకు చెల్లించాల్సిన బాకీ కోసం ఫిఫా జోక్యం చేసుకోవడంతో 2018-19లో వెరాక్రూజ్‌కు 6 పాయింట్లు కోత పడ్డాయి. అసలే పాయింట్లు లేవు. 2019 ఏప్రిల్‌లో పచూకా చేతిలో 9-2 తేడాతో ఓడిపోయింది. వృత్తిపరమైన ఫుట్‌బాల్‌లో 9 గోల్స్ తినడమంటే గోల్‌కీపర్ తప్పు మాత్రమే కాదు, జట్టంతా మనసు తీసేసిందని అర్థం.

ఇక్కడ రెలిగేషన్ ఎలా లెక్కకట్టేవారో చెప్పుకోవాలి. మెక్సికోలో ఆ సీజన్‌లో ఆఖర్న నిలిచిన జట్టు కిందికి పోయేది కాదు. మూడేళ్ల పాయింట్లన్నీ కలిపి, ఆడిన మ్యాచులతో భాగించి, ఎవరి సగటు తక్కువో వాళ్లు పోయేవాళ్లు. దాన్ని 'కొసియెంతె' అంటారు. పెద్ద క్లబ్బుకు ఒక ఏడాది ఆట చెడిపోయినా గత రెండేళ్ల పాయింట్లు కాపాడేవి. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ గొడుగు ఉండేది కాదు. 2019 వేసవిలో ఈ సగటు లెక్కలో వెరాక్రూజ్ అట్టడుగున తేలింది. మామూలుగా ఐతే పడిపోవాలి. కానీ నియమాల్లో ఇంకో సందు ఉంది. 12 కోట్ల పెసోలు, అంటే అప్పటి మారకంలో సుమారు 60 లక్షల డాలర్లు కడితే పై అంచెలోనే ఉండొచ్చు. అంతకు ముందు ఏడాది ప్వెబ్లాకు చెందిన లోబోస్ జట్టు అలాగే కట్టి ఉండిపోయింది. వెరాక్రూజ్ కూడా కట్టింది. ఆటగాళ్ల జీతాలు నెలల తరబడి ఆగిపోయాయని ఆ కొద్ది నెలల్లోనే బయటికొచ్చిన క్లబ్బు, పై అంచెలో కుర్చీ కోసం 12 కోట్లు తేగలిగింది. ఈ కథలో నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పే అంకె ఇదే. యజమాని దృష్టిలో ఆస్తి ఏది, ఖర్చు ఏది అన్నది ఇందులో తేలిపోతుంది. కాగితం ఆస్తి. ఆటగాడు ఖర్చు.

అదే వేసవిలో కింది అంచె నుంచి పైకొచ్చిన జట్టు ఏదో తెలుసా? అట్లెతికో సాన్ లూయిస్. 2013లో వెరాక్రూజ్ అక్కర్లేదని పంపేసిన ఫ్రాంచైజీ. అప్పటికి దాని వెనక స్పెయిన్ క్లబ్బు అట్లెతికో మాద్రిద్ ఉంది. అది రెండు టోర్నీలూ గెలిచి మైదానంలో సంపాదించుకుని వచ్చింది. వెరాక్రూజ్ డబ్బు కట్టి నిలబడింది. ఆ సీజన్‌లో లీగులో 19 జట్లు ఆడాయి. బేసి సంఖ్య కాబట్టి ప్రతి వారం ఒక జట్టుకు సెలవు.

నిలబడిందన్న మాటే గానీ గెలిచింది లేదు. 2018 ద్వితీయార్ధం నుంచి మొదలైన గెలుపులేని వరస ఆగనేలేదు. ప్రేక్షకులు రావడం తగ్గించారు. ఆటగాళ్లు నెమ్మదిగా నోరు విప్పడం మొదలుపెట్టారు. జీతాలు అందడం లేదని, కొందరికి రెండు కాంట్రాక్టులు ఉన్నాయని ఆరోపించారు. సమాఖ్య దగ్గర నమోదు చేసేది ఒకటి, చేతికి ఇస్తామన్నది ఇంకొకటి. నమోదు కాని కాంట్రాక్టు గురించి సమాఖ్య దగ్గరికి పోయినా ఫలితం తక్కువ. మహిళల జట్టు పరిస్థితి ఇంకా దయనీయంగా ఉందన్న ఫిర్యాదులూ వచ్చాయి. కానీ వాటికి పత్రికల్లో దొరికిన చోటు తక్కువ.

2019 అక్టోబరు 18, శుక్రవారం రాత్రి. పిరాతా స్టేడియంలో ప్రత్యర్థి తీగ్రెస్. ఆ దశాబ్దంలో లీగులో అత్యంత బలమైన జట్లలో ఒకటి. ఆటగాళ్ల సంఘం ముందే చెప్పింది, జీతాల విషయమై నిరసనగా మ్యాచ్ మొదట్లో ఆట ఆపుతాం అని. తీగ్రెస్ ఆటగాళ్లు ఒప్పుకున్నారు, ఒక నిమిషం ఆగుదామన్నారు. రెఫరీ ఈల వేశాడు. వెరాక్రూజ్ ఆటగాళ్లు 11 మందీ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. నిమిషం గడిచింది. వాళ్లు కదలలేదు. రెండో నిమిషం, మూడో నిమిషం. అంతసేపూ తమలో తాము బంతిని అటూ ఇటూ అందించుకున్న తీగ్రెస్ వాళ్లు ఇక ఆగలేదు. చిలీ ఆటగాడు ఎదువార్దో వార్గాస్ గోల్ కొట్టాడు. ఎవరూ అడ్డుకోలేదు. ఫ్రాన్స్ ఆటగాడు ఆంద్రె-పియేర్ జిన్యాక్ ఇంకోటి కొట్టాడు. వెరాక్రూజ్ వాళ్లు ఆట మొదలుపెట్టేసరికి మ్యాచ్ అయిపోయినట్టే. చివరి స్కోరు 3-1.

ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. చాలాచోట్ల జనం తీగ్రెస్‌ను తిట్టారు. తోటి కార్మికుల సమ్మెను వెన్నుపోటు పొడిచారని. తీగ్రెస్ వాళ్లు ఒప్పందం ఒక నిమిషానికే అన్నారు. ఈ వాదన ఎవరిది నిజమన్నది పక్కన పెడితే, గమనించాల్సింది ఒకటుంది. ఆటగాళ్ల సంఘం ఏర్పడింది 2017లో. అంతవరకు మెక్సికోలో ఫుట్‌బాలర్లకు పనికొచ్చే సంఘమే లేదనాలి. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు వేరే క్లబ్బుకు పోవాలన్నా పాత క్లబ్బు అనుమతి అవసరమయ్యే 'పెద్దమనుషుల ఒప్పందం' ఒకటి యజమానుల మధ్య రాతలేకుండా దశాబ్దాల పాటు నడిచింది. మహిళల జీతాలకు పరిమితులు పెట్టుకున్నందుకు, ఆటగాళ్ల కదలికలకు అడ్డం పడినందుకు 2021లో దేశపు పోటీ నియంత్రణ సంస్థ 17 క్లబ్బులకు, సమాఖ్యకు, ఎనిమిది మంది వ్యక్తులకు కలిపి మొత్తం 17.76 కోట్ల పెసోల జరిమానా వేసింది. అలాంటి చోట, రెండేళ్ల వయసున్న సంఘం మాట మీద ఒక జట్టు సొంత మైదానంలో నిలబడిపోయిందంటే అది చాలా ధైర్యం. ప్రత్యర్థి జట్టు దాన్ని పూర్తిగా అర్థం చేసుకోలేకపోవడం కూడా అంతే సహజం. సమ్మె అలవాటు లేని రంగం అది.

అదే అక్టోబరు నెలాఖరులో వెరాక్రూజ్ ప్వెబ్లాను 1-0తో ఓడించింది. ఒకప్పుడు టర్కీ జాతీయ జట్టుకు ఆడిన కాలిన్ కాజిమ్-రిచర్డ్స్ గోల్ కొట్టాడు. 41 లీగ్ మ్యాచుల తర్వాత వచ్చిన గెలుపు అది. జీతాలు అందని జట్టు, అవమానం పొందిన వారాల్లోనే, ఏడాదికి పైగా దొరకని విజయాన్ని సంపాదించింది. దీని మీద ఎక్కువ అర్థాలు వెతకనక్కర్లేదు. కానీ ఆ ఆటగాళ్ల పట్ల గౌరవం కలుగుతుంది.

డిసెంబరులో సభ్యత్వం రద్దయింది. ఆ నిర్ణయం తీసుకున్నదెవరు? సమాఖ్య సభ, అంటే చాలావరకు మిగతా క్లబ్బుల యజమానులే. నియంత్రించేవాళ్లూ, నియంత్రణకు లోబడాల్సినవాళ్లూ ఒకరే. ఆరు నెలల క్రితం 12 కోట్లు తీసుకుని ఇదే క్లబ్బును ఉంచుకున్నదీ వాళ్లే. ఆర్థిక స్థితి అప్పుడే తెలియలేదా, తెలిసి కూడా కళ్లు మూసుకున్నారా అన్న ప్రశ్నకు సమాధానం లేకుండానే ఫైలు మూసేశారు. తీగ్రెస్ మ్యాచ్ వీడియో అంతగా తిరగకపోయి ఉంటే ఇంకో సీజన్ లాగించేవారేమో అనిపిస్తుంది. పరువు పోయాక గానీ పద్ధతి గుర్తుకు రాలేదు.

1989లో, 2011లో, 2013లో లాగా ఈసారి రేవుకు వేరే ఊరి కాగితం వెంటనే దొరకలేదు. దొరకకపోవడానికి కారణం కూడా ఉంది. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ మొదలైన రోజుల్లో, లీగు యజమానులు ప్రమోషన్, రెలిగేషన్‌లను కొన్నేళ్లపాటు ఆపేశారు. కింది అంచెను రద్దు చేసి, దాని స్థానంలో 'లిగా దె ఎక్స్‌పాన్సియోన్' పెట్టారు. అందులో గెలిచినా పైకి వచ్చే వీలు లేకుండా చేశారు. పైన సగటు లెక్కలో ఆఖర్న నిలిచినవాళ్లు జరిమానా కట్టాలన్నారు, ఆ డబ్బులో కింది జట్లకు వాటా పెట్టారు. అంటే 2019లో వెరాక్రూజ్ ఒక్కటే కట్టిన రుసుమును ఓ ఏర్పాటుగా స్థిరపరిచారు. ఇదివరకు ఎవరైనా కష్టపడి ప్రమోషన్ గెలిస్తే ఆ స్థానం కొనుక్కోవడానికి వెరాక్రూజ్ లాంటి ఊళ్లు కాచుకుని ఉండేవి. గెలవడమే లేనప్పుడు ఆ చౌక దారి మూసుకుపోయింది. మిగిలింది ఖరీదైన దారి. పై అంచెలో ఉన్న 18 మందిలో ఎవరో ఒకరు అమ్మకానికి పెట్టాలి.

కొంతకాలం ఊళ్లో 'అట్లెతికో వెరాక్రూజ్' అనే జట్టు తిరిగింది. సమాఖ్యతో సంబంధం లేని ఒక విడి లీగులో ఆడింది. ఆ లీగుకు అధ్యక్షుడు కార్లోస్ సాల్సిదో, మూడు ప్రపంచ కప్పులు ఆడినవాడు, 2012 ఒలింపిక్ స్వర్ణ పతక జట్టు సభ్యుడు, ఎర్ర సొరచేపల ఆఖరి జట్లలో ఆడినవాడు. ప్రయత్నం మంచిదే. కానీ సమాఖ్య గుర్తింపు లేని ఆటకు టీవీ రాదు, టీవీ లేకపోతే డబ్బు రాదు.

పై అంచె స్థానం ఒకటి ఊరు మారనే మారింది, 2020 జూన్‌లో. కానీ రేవుకు కాదు. మిచోవాకాన్ రాజధాని మొరేలియాలో దశాబ్దాలుగా ఆడుతున్న మొనార్కాస్ జట్టును పసిఫిక్ తీరంలోని మసత్లాన్‌కు తరలించారు. అక్కడ సినలోవా రాష్ట్ర ప్రభుత్వం కట్టించిన కొత్త స్టేడియం సిద్ధంగా ఉంది. మొరేలియా అభిమానులు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. ఫలితం లేదు. మసత్లాన్ వాళ్లు పండగ చేసుకున్నారు, 1989లో వెరాక్రూజ్ చేసుకున్నట్టే.